ఎవరి గోడకు ఎవరి మేకు

సబ్హాన్‌లో పగలంతా యంత్రాలను బాగుచేసిన మనిషి సాయంత్రం గదికి చేరి, కారుతున్న కుళాయి కింద బకెట్టు పెట్టి పడుకుంటాడు. చాలాకాలంగా ఈ సంగతి నన్ను తొలిచేస్తోంది. మాతో పనిచేసేవాళ్లలో బేరింగు చప్పుడు విని అది అరిగిందో, గ్రీజు ఎండిందో చెప్పగల ఫిట్టర్లున్నారు. కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించి లోపం పట్టగల ఏసీ మెకానిక్కులున్నారు. వాళ్ల గదులకు వెళ్తే బాత్రూం తలుపు గడియ ఊడి ఉంటుంది, దాన్ని గుడ్డపీలికతో కట్టుకుంటూ ఉంటారు. స్విచ్చు బోర్డు గోడలోంచి బయటికొచ్చి తీగల మీద వేలాడుతుంటుంది. కిటికీ అద్దం పగిలినచోట అట్టముక్క, దాని అంచున ఎన్నో దుమారాల తూజ్, అంటే సన్నటి ఇసుక దుమ్ము, పేరుకుని ఉంటుంది. చేతకాదా అంటే, చేతనైనవాళ్లే. పనిముట్లు లేవా అంటే, మంచం కిందే పెట్టె ఉంటుంది. మరి ఆ చెయ్యి గది గడప దాటగానే ఎందుకు ఆగిపోతుంది?

సబ్హాన్ అంటే కువైట్ విమానాశ్రయానికి తూర్పు పక్కనున్న పారిశ్రామిక వాడ. ముబారక్ అల్ కబీర్ గవర్నరేటులో ఉంది. డేనిష్ డైరీ వాళ్ల పాలు, ఐస్‌క్రీములు తయారయ్యేది ఇక్కడే. గోదాములు, ప్యాకింగ్ యూనిట్లు, వర్క్‌షాపులు, మధ్యలో ట్రక్కులు. ఇక్కడ ప్రతి యంత్రానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఏ బెల్టు ఎప్పుడు మార్చారు, ఏ వాల్వుకు ఎప్పుడు సర్వీసు చేశారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. పొద్దున్నే ఖైతాన్ నుంచి, ఫర్వానియా నుంచి, జిలీబ్ నుంచి బస్సుల్లో వచ్చి ఆ పుస్తకం తెరిచేవాళ్లలో రాయచోటి, రాజంపేట, కోడూరు వాళ్లున్నారు, గోదావరి జిల్లాల వాళ్లున్నారు, నిజామాబాదు, జగిత్యాల వాళ్లున్నారు. యంత్రానికి అంత లెక్క రాసే మనం మనం పడుకునే చోటికి ఏ లెక్కా రాయం. ఆ గదికి పుస్తకమే లేదు.

దీనికి సులువైన జవాబు అందరి నోటా ఉంది. గది మనది కాదు కదా అంటారు. అద్దె తీసుకునేవాడు చేయించాలి, హారిస్, అంటే భవనం కాపలాదారు, చూసుకోవాలి. హారిస్‌ని అడిగితే ‘బుక్రా’ అంటాడు, ఆ రేపు ఎప్పటికో గాని రాదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ దీని వెనక ఇంకో జవాబు ఉందని నాకు అనిపిస్తూ ఉంటుంది. మనలో ప్రతివాడూ వచ్చే ఏడు వెళ్లిపోయేవాడే. అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్ అయిన రోజున కూడా ‘ఇదే చివరిది’ అనుకుంటాం. కూతురి పెళ్లి అయితే చాలు, ఇంటి అప్పు తీరితే చాలు, పిల్లోడి ఇంజనీరింగు అయితే చాలు. వెళ్లిపోయేవాడికి గడియతో ఏం పని? అలా అనుకుంటూనే తల నెరుస్తుంది. ఒక మేకు కొట్టామంటే, ఒక గడియ బిగించామంటే, ‘నేను ఇక్కడ ఉంటున్నాను’ అని ఒప్పుకున్నట్టే. బతుకు మొత్తం అక్కడ ఊళ్లో ఉంది, ఇది ఉత్త సంపాదన చోటు అని మనసుకు చెప్పుకున్నవాడికి ఆ ఒప్పుకోలు చాలా కష్టం. బకెట్టు పెట్టుకుని పడుకోవడమే అంతకన్నా తేలిక. ఈ ఆలోచన నాకు నచ్చదు, అయినా ఇదే నిజానికి దగ్గరగా ఉన్నట్టుంది.

ఊళ్లో మా ఇల్లు ఇలా ఉండేది కాదు. నా చిన్నతనానికి మా వైపు ఇంకా మట్టి మిద్దెలు ఉండేవి. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలూ ఆకూ పరిచి, మీద మందంగా మన్ను. వానలు పడేలోపు ప్రతి ఏడూ మిద్దె మీద చవుడు పోయాలి. నాయన చవిటినేల నుంచి బండి మీద మన్ను తోలుకొచ్చేవాడు. ఇంటిల్లిపాదీ గంపలెత్తి పైకి అందించేవాళ్లు. పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టేవాళ్లు. చేనుకు పనికిరాని ఆ మన్ను మిద్దెకు ఎందుకు మంచిదో అప్పుడు నాకు తెలీదు. తర్వాత చదువుకున్నాను. చవిటినేలలో సోడియం ఎక్కువ, తడిసినప్పుడు ఆ బంకమట్టి రేణువులు విడివడి సందులన్నీ మూసేస్తాయి, నీరు కిందికి దిగదు. పంట వేళ్లకు గాలి ఆడనీయని గుణమే ఇంటికి గొడుగు అయింది. ఈ రసాయనం తెలియకుండానే మా అవ్వ ఏ మన్ను మిద్దెకు పనికొస్తుందో నాలిక మీద వేసుకుని చెప్పేది. పండగ ముందు సున్నం, అరుగులకు జాజు, నేలకు పేడ అలుకు. ఇంటి మరమ్మతు అనేది ఒక పనిగా విడిగా ఉండేది కాదు, ఏడాదిలో వచ్చే ఒక రుతువులా ఉండేది. అందులో ఆడవాళ్ల చెయ్యి మగవాళ్ల చేతికన్నా ఎక్కువే ఆడేది. ఈ మాట ఇంటిపనుల గురించి రాసేవాళ్లు తరచుగా మరిచిపోతారు.

అయితే అప్పుడు కూడా అన్నీ మా చేత్తోనే చేసుకునేవాళ్లమా? లేదు. తలుపు చెక్కడానికి వడ్రంగి రావాలి, గడపారకు పదును పెట్టడానికి కమ్మరి కొలిమికి పోవాలి, వాళ్లకు కళ్లంలో మేర కొలవాలి. చేతిపనికీ కులానికీ మధ్య వేసిన ముడి అది. కొన్ని పనులు కొందరివే, ఆ పనులు చేసేవాళ్లు కిందివాళ్లే అని ఊరు నేర్పింది. తర్వాత బడి వచ్చి ఇంకో గీత గీసింది. నేను పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు కూడా ఇంట్లో స్పానర్ పడితే ‘చదువుకుంటాండావు, నీకెందుకు నాయనా ఈ మసి’ అనేది అవ్వ, ప్రేమతోనే. చేతికి మసి అంటకపోవడమే చదువుకు ఫలం అని ఎంతమంది ఇళ్లలో అనుకోలేదు? ఎడారి దేశం ఆ గీతల్ని కొంత చెరిపింది. ఊళ్లో నాగలి తప్ప ఏదీ పట్టనివాడు ఇక్కడికొచ్చి పైపు రెంచి పట్టాడు. కొలిమి దగ్గరికి పోవడమే నామోషీ అనుకున్న ఇంటి బిడ్డ ఇక్కడ వెల్డింగు నేర్చుకుని దాంతోనే చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఏ ఇంటి నుంచి వచ్చావని ఇక్కడ ఏ మెషీనూ అడగలేదు. కువైట్ మనకు ఇచ్చినవాటిలో దినార్లను మాత్రమే లెక్కపెడతాం. ఈ మార్పును కూడా లెక్కపెట్టాలని నేను అనుకుంటాను.

ఈ గీత గురించి గట్టిగా ఆలోచించినవాడు గాంధీ. 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర టాల్‌స్టాయ్ ఫార్మ్ మొదలైనప్పుడు, అక్కడ ఉండేవాళ్లు తమ ఇళ్లు తామే కట్టుకోవాలి, తమ చెప్పులు తామే కుట్టుకోవాలి అన్నది నియమం. నేల ఇచ్చిన హెర్మన్ కాలెన్‌బాక్ స్వయంగా ఆర్కిటెక్టు. ఆయన ఒక క్రైస్తవ మఠానికి వెళ్లి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చాడు. గాంధీ ఆయన దగ్గర నేర్చుకుని మిగతావాళ్లకు నేర్పాడు. నన్ను ఆపింది మాత్రం అక్కడి ఇంకో చిన్న విషయం. ఆ ఇళ్లు కట్టేటప్పుడు ఒక తాపీమేస్త్రీని కుదుర్చుకున్నారు, ఒక గుజరాతీ వడ్రంగి కూలి తీసుకోకుండా వచ్చి చేశాడు. అంటే స్వయంగా చేసుకోవడం మీద అంత పట్టుదల ఉన్నవాళ్లు కూడా, తెలిసినవాడి పక్కన నిలబడి చేశారు. తెలిసినవాడు అక్కర్లేదు అనుకోలేదు. తన పని తాను చేసుకోవడానికీ, తనకు అన్నీ తెలుసనుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ ఒక్క వివరంలో కనిపిస్తుంది.

మా గదిలో మార్పు కోనసీమ నుంచి వచ్చిన ఒకాయనతో మొదలైంది. వంటమనిషిగా వచ్చాడు, ఆయనకు మెషీన్ల పని ఏమీ రాదు. చేరిన వారంలోనే కుళాయి సంగతి ఎత్తాడు. ‘హారిస్ చూసుకుంటాడులే అన్నా’ అని మావాళ్లు అన్నారు. ఆయన నా వైపు తిరిగి, ‘ఏవండీ, రేపు వెళ్లిపోయేవాడిక్కూడా ఇవాళ నిద్ర కావాలి కదండీ’ అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. బేసిన్ కింద వాల్వు కట్టేసి, కుళాయి విప్పితే లోపలి రబ్బరు వాషరు రాయిలా గట్టిపడిపోయి ఉంది. అది ఎందుకు అలా అయిందో ఇక్కడ వేసవి గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది. అలాంటి ఎండలో మేడమీద ట్యాంకు నీళ్లు చల్లటి కుళాయిలోంచి సలసలా వస్తాయి. అందుకే వేసవిలో గీజరు ఆపేసి, నీడలో ఉన్న ఆ గీజరు నీళ్లనే చల్లటి నీళ్లుగా వాడుకుంటాం. అంత వేడికి రబ్బరు ఎన్నాళ్లు మెత్తగా ఉంటుంది? చిల్లర డబ్బులకు దొరికే వాషరు మార్చి, మర మీద తెల్లటి టేపు బిగించే దిక్కుకే చుట్టి, కుళాయి పెట్టేశాం. ఎదురు దిక్కుకు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడొస్తుంది, మళ్లీ కారుతుంది. ఇంతే పని. ఇంత పనికి ఎన్ని బకెట్లు నిండాయో అని ఆ రాత్రి ఎవరూ అనలేదు గానీ, అందరూ అనుకునే ఉంటారు.

తర్వాత ఒక్కొక్కటీ కదిలింది. ఏసీలోంచి మంచం మీదికి నీళ్లు పడుతుంటే గ్యాసు అయిపోయిందని మనవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు అది గ్యాసు కాదు. ఫిల్టరు తూజ్‌తో మూసుకుపోతే గాలి తగ్గి లోపలి కాయిల్ మీద మంచు పడుతుంది, అది కరిగి కారుతుంది. లేదా నీళ్లు బయటికి పోయే సన్న గొట్టంలో దుమ్మూ నాచూ పేరుకుని నీళ్లు వెనక్కి తంతాయి. కరెంటు ఆపి ఫిల్టరు తీసి కడిగి ఆరబెట్టడం, ఆ గొట్టం ఊది శుభ్రం చేయడం ఎవరైనా చేయగలరు. గ్యాసు నింపడం, కంప్రెసర్ ముట్టుకోవడం మెకానిక్కు పని. శుక్రవారాలు అల్ రాయ్‌లో సూక్ అల్ జుమాకు పోవడం మొదలుపెట్టాం. పాత తలుపు కీళ్లు, పాత అరలు, ఎవరో ఖాళీ చేసిన ఇంట్లోంచి వచ్చిన అద్దాలు అక్కడ కుప్పలుగా ఉంటాయి. అదే అల్ రాయ్‌లో అవెన్యూస్ మాల్ ఉంది, అందులో ఐకియా ఉంది. అట్టపెట్టెలో పలకలూ మరలూ ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లి నువ్వే బిగించుకో అంటారు. ఒకే పేటలో రెండు చోట్లా మనుషులు తమ ఇంటిని తామే చేసుకోవడానికి వస్తున్నారు. ఒకరికి అది సరదా, ఇంకొకరికి అది అవసరం. చేతికి కలిగే తృప్తి మాత్రం ఇద్దరికీ ఒకటేనా? అవుననే నేను నమ్ముతాను.

కానీ ఆ తృప్తి మీద నాకో అనుమానం కూడా ఉంది. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. కాగితం మడిచి బొమ్మలు చేయమని, ఐకియా పెట్టెలు బిగించమని మామూలు మనుషులకు ఇచ్చి చూశారు. తాము చేసిన వంకర బొమ్మకు, నిపుణులు చేసిన బొమ్మతో దాదాపు సమానంగా వాళ్లు వెల కట్టారు. చూసే మూడోవాడు మాత్రం ఆ బొమ్మకు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. పని పూర్తి కాకపోతే ఆ మమకారం కూడా పుట్టలేదు. ఈ వ్యాసం చదివి నేను మొదట సంతోషించాను, తర్వాత భయపడ్డాను. నా చేత్తో చేసినదాన్ని నేను ప్రేమించడం మంచిదే. కానీ ప్రేమించినదాన్ని అనుమానించడం కష్టం. నేను బిగించిన అర కాస్త వంకరగా ఉంటే పోయేదేమీ లేదు. నేను కలిపిన కరెంటు తీగ వంకరగా ఉంటే? ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా’ అని దాన్ని వెనకేసుకొచ్చేది నా తెలివా, నా మమకారమా?

కువైట్‌లో సాకెట్టు మన ఊరిది కాదు, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. పైన ఉన్న పొడవాటి ఎర్త్ పిన్ను ముందుగా లోపలికి పోయి, కింది రెండు రంధ్రాలకున్న మూతల్ని తెరుస్తుంది. పిల్లలు వేలు పెట్టినా ప్రమాదం లేకుండా చేసిన ఏర్పాటు అది. ప్లగ్గులో దానికంటూ ఒక ఫ్యూజు ఉంటుంది. మనం ఊరి నుంచి తెచ్చుకున్న రెండు పిన్నుల ఛార్జరుకు ఆ మూత తెరుచుకోదు. అప్పుడు ఏం చేస్తాం? పై రంధ్రంలో పెన్ను మూతో పుల్లో గుచ్చి, మూత తెరిచి, రెండు పిన్నులూ దూరుస్తాం. ఇది తెలియని గది కువైట్‌లో లేదేమో. ఆ ఒక్క పనిలో ఫ్యూజు పోయింది, ఎర్త్ పోయింది, పిన్ను వదులుగా నిలిచింది. వదులైన చోటే వేడి పుడుతుంది. ఇక ఎక్స్‌టెన్షన్ బోర్డు. 240 వోల్టుల మీద 13 ఆంపియర్ల ఫ్యూజు అంటే మొత్తం 3,120 వాట్లు. నీళ్లు కాచే కెటిల్ 2,000 వాట్లది, ఇస్త్రీపెట్టె 1,200 వాట్లది అయితే రెండింటికే గీత దాటిపోయింది, అన్నం కుక్కరు ఇంకా పెట్టనేలేదు. కొద్దిగా దాటితే ఫ్యూజు వెంటనే కొట్టెయ్యదు. అంతసేపూ తీగ గోడ వెనకో, మంచం కిందో, కర్టెన్ పక్కనో వేడెక్కుతూనే ఉంటుంది. మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింటు అయితే ఇక్కడి ఎండలకు ఆ టేపు జిగురు ఎండి దానంతట అదే విడిపోతుంది.

2024 జూన్ 12 తెల్లవారుజామున దక్షిణాన మంగాఫ్‌లో కార్మికులు నిద్రపోతున్న ఒక భవనం అంటుకుంది. యాభైమంది దాకా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు భారతీయులు. 45 మంది మృతదేహాలను జూన్ 14న వాయుసేన విమానంలో కొచ్చికి తెచ్చారు, వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కింది అంతస్తులో కాపలావాడి గదిలో జరిగిన షార్ట్ సర్క్యూటే కారణమని కువైట్ అగ్నిమాపక దళం తేల్చింది. పై అంతస్తుల్లో చాలామందిని మంట ముట్టుకోలేదు, పొగే ఊపిరి తీసింది. ఆ వారం సబ్హాన్‌లో బస్సు దిగుతూ ఎవరూ మాట్లాడుకోలేదు. గదికి వచ్చి అందరం మొదట చూసింది బోర్డుల వైపే. ఆ భవనంలో తప్పు ఎవరిదన్నది కోర్టులు తేల్చే మాట. నాకు మిగిలింది వేరే ప్రశ్న. ఒక గదిలోని తీగ ఆ గదిది మాత్రమేనా? కుళాయి కారితే నా నిద్ర చెడుతుంది. తీగ కాలితే పై అంతస్తులో నా పేరు కూడా తెలియని మనిషి పోతాడు. స్వయంగా బాగుచేసుకునే హక్కు ఎక్కడిదాకా అని అడిగితే, ఇదిగో, ఇక్కడిదాకా అని నాకు ఆరోజు తోచింది. నా పొరపాటుకు నేనొక్కణ్నే మూల్యం చెల్లించే పనుల దాకా.

ఫ్యాక్టరీలో ఈ సంగతి మాకు రోజూ నేర్పుతారు, మేమే దాన్ని గది దాకా తెచ్చుకోలేదు. యంత్రంలో చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, నా పేరున్న ఎర్ర ట్యాగు తగిలించి, తాళంచెవి నా జేబులో వేసుకోవాలి. లాకౌట్ ట్యాగౌట్ అంటాం. అమెరికాలో 1989లో దీన్ని నిబంధనగా చేశారు, ఇప్పుడు చాలా దేశాల ఫ్యాక్టరీల్లో ఉంది. ఆ తర్వాత కూడా టెస్టరు పెట్టి కరెంటు నిజంగా లేదని చూసుకున్నాకే చెయ్యి లోపలికి పోవాలి. ఇందులో ఉన్న అసలు నీతి ఏమిటంటే, పని చేసేవాడి నైపుణ్యాన్ని ఎవరూ శంకించరు. ఎంత అనుభవం ఉన్నా, ఆరోజు మెయిన్ ఎవరో ఆన్ చేయొచ్చు అన్న ఒక్క అవకాశాన్ని మాత్రం వదలరు. ఈ పద్ధతి ఇంట్లో పనికి ఎందుకు పనికిరాదు? బల్బు మార్చేముందు బ్రేకరు దించి, పక్కవాడికి ‘నేను చెప్పేదాకా ఎత్తొద్దన్నా’ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఊళ్లో మా ఇల్లు ఇప్పుడు సిమెంటు ఇల్లు. ఈ దేశంలో సంపాదించిన డబ్బుతో కట్టింది. దాని గోడలో నేను కొట్టిన మేకు ఒక్కటి కూడా లేదు. బోరు మోటారు ఆగిపోతే, సింకు పూడుకుపోతే, వానకు మేడ మీద నీళ్లు నిలిస్తే మా ఆవిడ వీడియో కాల్ చేస్తుంది. మొదట్లో నేను చెబితే ఆమె చేసేది. ‘మెయిన్ దించినావా? సరిగ్గా చూడు’ అని నేను రెండుసార్లు అడిగేవాణ్ని. ఇప్పుడు ఆమె చేసేశాకే నాకు చెబుతుంది. ఏ కుళాయికి ఏ సైజు వాషరో, మేడమీద ఏ మూల సిమెంటు బీటలు వారిందో, వాననీళ్ల గొట్టంలో ఆకులు ఎప్పుడు ఇరుక్కుంటాయో ఆమెకు తెలుసు. మోటారు స్టార్టరు మాడిన వాసన వస్తే మాత్రం పెట్టె తెరవదు, ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తుంది. కోడూరు, రాజంపేట వైపు నుంచి ఇక్కడ ఇళ్లలో పనికొచ్చిన ఆడవాళ్లది ఇంకో తీరు. రోజంతా పరాయి ఇల్లు తుడిచి, సర్ది, నిలబెట్టే ఆ చేతులు, తమ జీతంతో లేచిన తమ ఇంటి గోడను సెలవుల్లో తప్ప తాకవు. ఇల్లు ఎవరిది అని అడిగితే కాగితం మీద ఒక పేరు ఉంటుంది. ఏ కీలు ఎప్పుడు కిర్రుమంటుందో తెలిసినవాళ్ల పేరు ఆ కాగితం మీద ఉండకపోవచ్చు. డబ్బు పంపిన నాకన్నా మరమ్మతు చేసిన ఆమెకే ఆ ఇల్లు ఎక్కువ చెందుతుందని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ లెక్కన ఈ అద్దె గది కూడా కొంత మాదే కదా?

ప్రపంచంలో ఇప్పుడు బాగుచేసుకునే హక్కు గురించి చాలా మాట్లాడుతున్నారు. యూరోపియన్ యూనియన్ 2024లో దానిమీద ఒక చట్టం తెచ్చింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. ఫోను కొన్నవాడికి, ట్రాక్టరు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే దారి ఉండాలి అని వాటి సారాంశం. మంచిదే. కానీ అవన్నీ కొన్నవాడి గురించి. ఏదీ కొనకుండా, ఒక మంచం అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి బతికేవాడి హక్కు మాటేమిటి? ఇక్కడ నాకు ఇంకో సందేహం కూడా వస్తుంది. మేమే అన్నీ బాగుచేసుకుంటూ పోతే అద్దె తీసుకునేవాడి బాధ్యత మా మీద పడిపోదా? పడుతుంది. అందుకే రెండు జాబితాలు ఉండాలని నా అభిప్రాయం. వాషరు, గడియ, ఫిల్టరు, అర, గోడ రంగు మా జాబితా. గోడలోని తీగ, మెయిన్ బోర్డు, గ్యాసు గొట్టం, మెట్లు, మేడమీది తలుపు యజమాని జాబితా. మొదటి జాబితాలో బద్ధకించే హక్కు మాకు లేదు. రెండో జాబితాలో ‘బుక్రా’ అనే హక్కు వాళ్లకు లేదు. మన చేతిపని వాళ్ల నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చే టేపు కాకూడదు.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కేఫ్ అని ఒకటి మొదలుపెట్టింది. పని వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఒకచోట కూర్చుని, చెడిపోయిన వస్తువులు కలిసి బాగుచేసుకుంటారు. దానికి కావలసిన మనుషులు సబ్హాన్ బస్సుల్లో ఉన్నంతమంది ఇంకెక్కడ ఉంటారు? మన ఒక్కో భవనంలో ఒక ఫిట్టరు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక ఏసీ మెకానిక్కు ఉండనే ఉంటారు. వచ్చే ఏడు వెళ్లిపోతామా లేదా అన్నది పక్కన పెట్టి, శుక్రవారం ఒక గంట ఇవ్వండి. గదికి ఒక నోటుపుస్తకం పెట్టి, ఏది చెడింది, ఎవరు బాగుచేశారు, దేనికి యజమానికి చెప్పారు, ఏ తేదీన చెప్పారు, రాసుకోండి. పెన్ను గుచ్చి దూర్చిన ప్లగ్గులు తీసేసి, ఫ్యూజు ఉన్న మూడు పిన్నుల అడాప్టరు కొనండి. కెటిల్‌నూ ఇస్త్రీపెట్టెనూ ఒకే బోర్డు మీద పెట్టకండి. వేడెక్కే బోర్డును టేపుతో చుట్టకండి, పారేయండి. గోడలోని తీగ జోలికి మీరు పోవద్దు, తెలిసినవాణ్ని రప్పించేదాకా యజమానిని వదలొద్దు. తలుపు ముందు, మెట్ల మీద పెట్టెలూ పరుపులూ పేర్చకండి, మేడమీది తలుపుకు తాళం ఉంటే తీయించండి. పొగ కనిపిస్తే సామాన్ల కోసం వెనక్కి వెళ్లకుండా బయటికి రండి, 112కు ఫోను చేయండి.